ఎంగిలి పడని ప్రింటర్

ఆళ్లగడ్డలో చేతిరాత యుగం సెప్టెంబరు పదకొండో తేదీ ఉదయం పదిన్నరకు ముగిసింది. ముగిసినట్టు నంద్యాల జిల్లా చిరుతిండి ప్రమాణాల మండలి ఛైర్మన్ నరేంద్రగారు స్వయంగా ప్రకటించారు. ఆ చరిత్రాత్మక ప్రకటన విన్నవాళ్లు మొత్తం ఆరుగురు. ఇద్దరు విలేకరులు, మండలి ఆళ్లగడ్డ ఆఫీసు సిబ్బంది ముగ్గురు, ఉగ్గాని పొట్లాలు తెచ్చిన మనిషి ఒకడు. చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది ఆ చివరివాడే.

"ఇంగ మీదట ఈ ఆఫీసులో పెన్నుతో రాసేది ల్యా. అంతా ప్రింటే. ప్రపంచం యాడికి పోతాందో ఆళ్లగడ్డ గూడా ఆడికే పోతాది" అన్నారు ఛైర్మన్‌గారు.

పార్టీ కోసం పద్దెనిమిదేళ్లు జెండాలు కట్టిన మనిషికి ఏదో ఒక పదవి ఇవ్వాలి గనక ఈ మండలిని కనిపెట్టారని నరేంద్రగారంటే గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లు కూడా అదే మాట అంటారు, కాకపోతే గర్వంగా. మండలి చేసే పని మాత్రం చిన్నది కాదు. "ఈ బండిపై విక్రయించబడుచున్న మిరపకాయ బజ్జీ, మిరపకాయ బజ్జీయేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని పత్రం ఇస్తుంది. ఆ పత్రం బండికి వేలాడుతుంటే బజ్జీల మీద జనానికి ఎక్కడలేని నమ్మకం.

ఆ పత్రాలు రాసేది సీనియర్ అసిస్టెంట్ చక్రపాణి. అహోబిలం మనిషి, మండలి పుట్టకముందు వేరే ఆఫీసుల్లోనూ రాతపనే చేశాడు. వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా గుడి పుస్తకాలకు నకళ్లు రాశారు. ఆ అలవాటు రక్తంలోనే ఉందేమో, అతను రాస్తే అక్షరాలు ఒకే కొలతలో, ఒకే ఎత్తులో, పరేడ్‌లో నిలబెట్టినట్టు ఉంటాయి. మనుషులతో మాట్లాడేటప్పుడు తడబడతాడు. కాగితంతో తడబడిన రోజు లేదు.

చప్పట్లు ఆగాక అసిస్టెంట్ డైరెక్టర్ యదునందన్ సర్క్యులర్ చదివి వినిపించాడు. మూడో పేరా ప్రకారం ప్రింటర్ వరుసగా ముప్పై రోజులు పనిచేస్తే ఆ ఆఫీసులో రాత పని చేసే ఉద్యోగి మిగులు కింద లెక్క. అతన్ని కొలిమిగుండ్లలోని పాత ఫైళ్ల గోదాముకు పంపుతారు. నాలుగో పేరా ప్రకారం ప్రింటర్ పనిచేయకపోతే ప్రింటర్ నోడల్ ఆఫీసర్‌ను సస్పెండ్ చేస్తారు.

"నోడల్ ఆఫీసర్ ఎవరు సార్?" అని చక్రపాణి అడిగాడు.

"మీరే. కంగ్రాట్స్" అన్నాడు యదునందన్.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి విన్న ఆండాళ్ పప్పు గిన్నె దించి అతని ముందే కూర్చుంది. ఆమె ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. కూతురు నిత్య పదో తరగతి.

"మార్చి దాకా మీరు యాడికీ పోయేది లేదు. దానికి లెక్కలు చెప్పేది మీరే. మీరు పోతే అది తప్పుతుంది. ఆ ప్రింటర్‌తో ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి" అంది.

చక్రపాణి తల ఊపాడు. ప్రింటర్ పనిచేస్తే కొలిమిగుండ్ల, పనిచేయకపోతే సస్పెన్షన్. రెండు భయాలు ఎదురెదురుగా కూర్చుని ఒకదాన్నొకటి కదలనివ్వకపోతే, ఆ మనిషి బయటికి చాలా నిదానంగా కనిపిస్తాడు. ఆఫీసులో చక్రపాణికి స్థితప్రజ్ఞుడని పేరు.

ప్రింటర్‌ను ఎంపిక చేయడానికి ముగ్గురు సభ్యుల సాంకేతిక కమిటీ నంద్యాల బయలుదేరింది. ఛైర్మన్‌గారు, యదునందన్, చక్రపాణి. కమిటీలో ఎవరూ అంతవరకు ప్రింటర్ కొనలేదు కాబట్టి ఎవరికీ పక్షపాతం లేదు.

దుకాణం భార్గవిది. మామగారి కిరాణా కొట్టులో సగం పంచుకుని కంప్యూటర్లు పెట్టింది. కొట్టులో ఒక పక్క బెల్లం దిమ్మెలు, ఇంకో పక్క ప్రింటర్లు. ఆమె లేచి కుర్చీలు వేసి ఒకే ప్రశ్న అడిగింది.

"నెలకు ఎన్ని కాయితాలు కొడతారు సార్?"

"లక్ష" అన్నారు ఛైర్మన్‌గారు.

"తొమ్మిది" అన్నాడు చక్రపాణి.

"అది ఈ నెల. వచ్చే నెల లక్ష" అన్నారు ఛైర్మన్‌గారు.

భార్గవి ఇద్దరినీ చూసి చక్రపాణిని నమ్మింది. "తొమ్మిదే అయితే ఇంకు ప్రింటర్ వద్దన్నా. కొట్టకుండా పెడితే ఇంకు ఎండిపోయి మూతి మూసుకుంటాది. లేజర్ తీసుకోండి. దాంట్లో పొడి ఉంటాది, ఆర్నెల్లు ముట్టుకోకపోయినా ఏం గాదు. ఇదిగో, ఈ చిన్నది సాలు మీకు."

ఛైర్మన్‌గారు చిన్నదాన్ని ఒక చేత్తో లేపి దించారు. ముఖం మాడ్చుకున్నారు. "ఏందమ్మా ఇది, బొరుగుల మూట మాదిరి ఉండాది. బరువైంది ల్యా?"

"బరువుతో పనేముంది సార్?"

"ఏందీ, బరువుతో పనేముందా? ఫోటోలో నేను ఎత్తుకుంటాండానని తెలియల్ల గదా?"

యదునందన్ నోట్‌బుక్‌లో 'బరువు: ముఖ్యం' అని రాసుకున్నాడు. భార్గవి మూల నుంచి ఒక ముసలి నమూనాను బయటికి లాగించింది. ఇద్దరు మనుషులు పట్టారు. ఛైర్మన్‌గారు దాన్ని కదపబోయి నడుము పట్టుకుని తృప్తిగా నవ్వారు.

"ఇది రంగులు కొట్టదు సార్, నలుపొకటే" అంది భార్గవి.

"నలుపైతేనేం, బరువుండాది గదా."

రూల్ ప్రకారం మూడు కొటేషన్లు కావాలి. భార్గవి ఒకటి ఇచ్చింది, ఆమె భర్త ఒకటి ఇచ్చాడు. మూడోది ఆమె అత్తగారు వాసవాంబ అగరబత్తుల దుకాణం తరఫున ఇచ్చింది. సాంబ్రాణి, కర్పూరం, కుంకుమ భరిణెల పక్కన లేజర్ ప్రింటర్ అని లెటర్‌హెడ్ మీద అప్పటికప్పుడు చేర్చారు. వాసవాంబ ధరే తక్కువగా ఉన్నందువల్ల ప్రింటర్‌ను అగరబత్తుల దుకాణం నుంచి కొన్నారు.

మరుసటి వారం భార్గవే వచ్చి యంత్రాన్ని బల్ల మీద బిగించింది. ముందు మూత తెరిచి, లోపలి డబ్బాలాంటి భాగాన్ని కొంచెం బయటికి లాగి చక్రపాణికి చూపించింది. "ఈ పచ్చటి రోలర్ ఉండాది చూడండి, దీన్నే డ్రమ్ము అంటారు. దీనిమీదే అక్షరం పడేది. దీన్ని మాత్రం వేలితో గూడా ముట్టుకోవద్దు సార్. వెలుతురు గూడా పడగూడదు." తర్వాత టెస్ట్ పేజీ కొడతానంది.

యదునందన్ అడ్డుపడి ఛైర్మన్‌గారికి ఫోన్ చేశాడు. ఫోన్‌లోంచి గొంతు గదంతా వినిపించింది.

"వద్దు వద్దు! ముందే కొట్టి చూసినారంటే ఎంగిలైపోతాది. మొదటి కాయితం నా చేత్తోనే రావల్ల. రేపు పూజ, ఎల్లుండి ఫంక్షన్. అంతవరకు ఎవురూ ముట్టుకోవద్దండి!"

"పనిచేస్తాదో లేదో చూసుకోవద్దా సార్?" అంది భార్గవి.

"నువ్వు దేవునికి పెట్టే పొంగలి ఉప్పు చూసి పెడతావామ్మా?"

భార్గవి యంత్రం మూత వేసింది. సంచి సర్దుకుని బస్సెక్కింది.

పూజ చేయడానికి ఎవరిని పిలవాలన్న చర్చ రాలేదు. అహోబిలం మనిషి ఆఫీసులోనే ఉన్నాడు. చక్రపాణి పొద్దున్నే స్నానం చేసి, నుదుట తిరుమణి దిద్దుకుని వచ్చాడు. అటెండర్ మునిస్వామి ప్రింటర్‌కు నాలుగు వైపులా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి మాల వేశాడు. బండ్లకు చక్రాల కింద పెట్టినట్టు దీనికీ ముందు కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. బరువుకు అవి వెంటనే నలిగి రసం బల్లంతా పారింది. మంచి శకునమని అందరూ అన్నారు.

"పైపైన చేస్తే ఎలా చక్రపాణిగారూ? అసలు పనిచేసేది లోపల కదా. ఇన్నర్ పార్ట్స్‌కు కూడా చేయండి" అన్నాడు యదునందన్.

మునిస్వామి మూత తెరిచాడు. డబ్బా బయటికి లాగాడు. రేకు పక్కకు జరిపితే పచ్చటి రోలర్ కొత్త ఆకులా మెరుస్తూ కనిపించింది. చక్రపాణి ఉంగరపు వేలికి కుంకుమ అద్దుకున్నాడు.

ఆ క్షణంలో భార్గవి చెప్పిన మాట గుర్తుందా లేదా అని తర్వాత అతను తనను తాను చాలాసార్లు అడిగాడు. గుర్తుందనిపిస్తే చేసింది పాపం. లేదనిపిస్తే నిన్న విన్నది ఇవాళ మరిచేంత మతిమరుపు అతనికి ఎన్నడూ లేదు. వేలు మాత్రం ముందుకు వెళ్లింది. రోలర్ మీద, సరిగ్గా నడిమధ్యన, గుండ్రటి బొట్టు పెట్టింది. చాలా అందమైన బొట్టు. అటూ ఇటూ ఇంకో రెండు. ఆపైన అందరూ పిడికిళ్లతో అక్షతలు చల్లారు. మునిస్వామి కర్పూర హారతిని లోపలిదాకా తిప్పి, దీపపు సెమ్మెకు అద్దినట్టు మసి కాస్త రోలర్‌కు అద్దాడు.

మధ్యాహ్నం భార్గవి మర్చిపోయిన కేబుల్ ఇవ్వడానికి వచ్చింది. మూత తెరిచి లోపలికి వంగి చూసింది.

"ఎవురు సార్ దీనికి పెండ్లి చేసింది?"

ఆమె డబ్బా బయటికి లాగి చూసింది.

"డ్రమ్ము పోయింది. లోపలి గేర్ల పండ్లలో బియ్యపు గింజలు ఉండాయి. కొత్త డ్రమ్ము హైదరాబాదు నుంచి రావల్ల, పది దినాలు."

"ఫంక్షన్ రేపు!" అన్నాడు యదునందన్. అతని గొంతు ఎనిమిదో తరగతి పిల్లవాడిదైపోయింది. "కలెక్టరాఫీసు నుంచి ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు. చక్రపాణిగారూ, నాలుగో పేరా గుర్తుంది కదా?"

చక్రపాణికి గుర్తుంది. భార్గవి గింజలు ఏరి, పొడి దులిపి, డబ్బాను మళ్లీ బిగించింది. "కాయితం లోపలికి పోతాది, వేడెక్కి బయటికి వస్తాది. అక్షరం మాత్రం ఒకటి గూడా పడదు. నేను చేయగలిగింది ఇంతే" అని వెళ్లిపోయింది.

చాలాసేపటి తర్వాత, నిమ్మరసం తుడుస్తున్న మునిస్వామి మామూలుగా అన్నాడు. "తెల్ల కాయితమేస్తే తెల్ల కాయితం వస్తాది. రాసిన కాయితమేస్తే రాసింది వస్తాది గదా సామీ?"

యదునందన్ మునిస్వామిని చూశాడు. తర్వాత ఇద్దరూ చక్రపాణిని చూశారు.

ఆ సాయంత్రం చక్రపాణి సన్న పెన్సిల్‌తో గీతలు కొట్టుకుని, నల్ల బాల్‌పెన్నుతో ఒక పత్రం రాశాడు. చేతిరాతలా కనిపించకూడదు. అతనికి అది కష్టం కాలేదు. ఉన్న కాస్త మనిషి గుర్తును కూడా అక్షరాల్లోంచి తీసేశాడు, అంతే.

ఫంక్షన్ దిగ్విజయంగా జరిగింది. ఛైర్మన్‌గారు ప్రింటర్‌ను ఎత్తుకున్నట్టు ఒక ఫోటో దిగారు. వెనక నుంచి మునిస్వామి పట్టుకున్నది ఫోటోలో రాలేదు. బటన్ నొక్కగానే యంత్రం మూలిగింది, గురక పెట్టింది, చివరికి కాగితాన్ని బయటికి తోసింది. ఛైర్మన్‌గారు దాన్ని పోస్టాఫీసు దగ్గర బజ్జీల బండి పెట్టుకున్న మేరీ చేతికి ఇచ్చారు.

"అబ్బ, కాలుతాంది సార్!" అంది మేరీ.

"చూడమ్మా, టెక్నాలజీ అంటే అది. చేత్తో రాస్తే ఇంత వేడి వస్తాదా?" అన్నారు ఛైర్మన్‌గారు. పక్కనే నిలబడ్డ చక్రపాణి భుజం తట్టారు. "ఏం సామీ, ఇరవై రెండేండ్లు రాసినావే, ఒక్క అక్షరమన్నా ఇట్ల రాసినావా?"

"లేదండీ" అన్నాడు చక్రపాణి.

మరుసటి రోజు నుంచి ఇదే పద్ధతి నడిచింది. చక్రపాణి రాస్తాడు, మునిస్వామి లోపలికి తోస్తాడు, యదునందన్ వేడి కాగితం మీద సంతకం పెడతాడు. సాయంత్రం నంద్యాలకు రిపోర్టు పోతుంది. "ప్రింటర్ సక్రమముగా పనిచేయుచున్నది." ఆ రిపోర్టు కూడా ప్రింటు రూపంలోనే ఉండాలి కాబట్టి దాన్నీ చక్రపాణే రాస్తాడు.

కొత్త డ్రమ్ము కావాలని యదునందన్ రహస్యంగా ఒక ఇండెంట్ పంపాడు. హెడ్డాఫీసు నాలుగు రోజుల్లో జవాబిచ్చింది. సక్రమముగా పనిచేయుచున్న యంత్రానికి విడిభాగం ఎందుకో వివరణ ఇవ్వాలట. పనిచేయడం లేదని రాస్తే ఇన్ని రోజుల రిపోర్టులు అబద్ధమవుతాయి. యదునందన్ ఇండెంట్‌ను వెనక్కి తీసుకుని, పొరపాటున పంపినందుకు చింతిస్తూ ఒక లేఖ పంపాడు. అక్షరాలు చాలా బాగున్నాయని హెడ్డాఫీసు నుంచి ప్రశంస వచ్చింది.

గోడ మీద క్యాలెండర్‌లో చక్రపాణి రోజులకు గీత పెడుతూ వచ్చాడు. అందంగా రాసిన ప్రతి కాగితం అతన్ని ఒక రోజు కొలిమిగుండ్లకు దగ్గర చేస్తోంది. ఇరవై రెండో రోజు ఇక ఉండలేక, కావాలనే ఒక పత్రం వంకరగా రాశాడు. రాయడం అనుకున్నంత సులభం కాలేదు. వేళ్లు మొండికేశాయి. చిన్నప్పుడు అబద్ధం చెప్పేటప్పుడు పట్టినట్టు చెమట పట్టింది. ఒకే ఒక్క అక్షరం మీది గుడి కాస్త పక్కకు ఒరిగింది. ఆ పత్రమే ఆ వారం తనిఖీకి వచ్చిన సాంకేతిక సలహాదారు వంశీకృష్ణ కంట పడింది.

వంశీకృష్ణ అమరావతిలో పెద్ద పెద్ద విషయాలకు సలహాలు ఇచ్చే మనిషి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"వండర్‌ఫుల్. ఈ గుడి చూడండి. కావాలనే కొంచెం ఒరిగించారు. హ్యూమన్ టచ్! ఏ కంపెనీ ఫాంట్ ఇది?"

యదునందన్ దగ్గాడు. మునిస్వామి ముందుకొచ్చాడు. "సామి ఫాంటు సార్."

"శ్వామీ ఫాంట్" అని ఫోన్‌లో టైపు చేసుకున్నాడు వంశీకృష్ణ. "రాష్ట్రమంతా దీన్నే పెట్టిద్దాం. ఫైల్ నాకు మెయిల్ చేయండి."

అప్పుడు చక్రపాణి లేచి నిలబడ్డాడు. అతని జీవితంలో పై అధికారి ముందు పిలవకుండా లేవడం అదే మొదటిసారి.

"సార్, అది ఫాంటు కాదు. అది నేను రాసింది. ఈ ప్రింటర్ ఒక్క అక్షరం కూడా కొట్టలేదు సార్. ఒక్కటి కూడా."

యదునందన్ కళ్లు మూసుకున్నాడు. వంశీకృష్ణ దగ్గరికి వచ్చి చక్రపాణి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దీన్నే మేం ఓనర్‌షిప్ అంటాం. యంత్రం చేసిన పనిని తన పనిగా ఫీలవుతున్నాడు. ఇలాంటి నోడల్ ఆఫీసర్‌ను నేనింతవరకు చూడలేదు." యదునందన్ వైపు తిరిగాడు. "కానీ కొంచెం ఎక్కువ అటాచ్ అయ్యాడు. ముప్పై రోజులు కాగానే రిలీవ్ చేసేయండి. అతనికే మంచిది."

ఇల్లు చేరేసరికి, సంగతి ముందే విన్న ఆండాళ్ అతని పెట్టె సర్ది మంచం మీద పెట్టింది. ఒక కంచం, ఒక గ్లాసు, రెండు దుప్పట్లు. నిత్య లెక్కల పుస్తకం తెచ్చి అతని పక్కన కూర్చుంది. "నాయనా, మీరు పోయేలోపల త్రికోణమితి అన్నా అయిపోతుందా?"

"అయిపోతుంది" అన్నాడు. కాదని ఇద్దరికీ తెలుసు.

ముప్పయ్యో రోజు మధ్యాహ్నం యదునందన్ రిలీవింగ్ ఆర్డర్ చిత్తుప్రతిని చక్రపాణి బల్ల మీద పెట్టాడు. అతని వైపు చూడలేదు. "సారీ. రూల్స్. మంచిగా ప్రింట్ తీయండి, మూడు కాపీలు. హెడ్డాఫీసుకు పోతుంది."

చక్రపాణి గీతలు కొట్టుకున్నాడు. "ఈ కార్యాలయమునందు మిగులుగా గుర్తించబడి, తక్షణమే కొలిమిగుండ్ల గోదామునకు పంపబడుచున్న" అనేంతవరకు ఆగకుండా రాశాడు. ఆ తర్వాత పేరు రావాలి. పెన్ను ఆగింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో కొన్ని వేల పేర్లు రాశాడు. తన పేరు రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ ఖాళీని చూస్తూ కూర్చుంటే అది మెల్లగా పెద్దదవుతున్నట్టు అనిపించింది. ఇంకొంచెం ఆగితే కంచం, గ్లాసు, రెండు దుప్పట్లతో సహా తను అందులో పట్టేస్తాడు. ఏమీ రాయకుండానే రోజూ కాగితాలను లోపలికి తీసుకుని బయటికి తోసే ప్రింటర్ చప్పుడు పక్క బల్ల మీద నుంచి వినిపిస్తోంది. మునిస్వామి యంత్రాన్ని వేడెక్కిస్తున్నాడు.

చక్రపాణి రాయడం పూర్తి చేశాడు. మూడు కాపీలూ ఒకేలా. మునిస్వామి ఒక్కొక్కటే లోపలికి తోశాడు. యదునందన్ వేడి కాగితాలను ముట్టుకుని చూసి, మూడింటి మీదా సంతకం పెట్టాడు. వేడిగా ఉన్న కాగితాన్ని చదివే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

మరుసటి రోజు పొద్దున మునిస్వామి ఆర్డర్ ఆఫీస్ కాపీని ఫైల్లో పెట్టబోయి, పేరు దగ్గర ఆగాడు. రెండోసారి చదివాడు. చక్రపాణి వైపు చూశాడు. చక్రపాణి పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

"బేగా పోవల్ల సామీ, తొమ్మిదింటి బస్సుకైతే సీటు దొరుకుతాది" అన్నాడు మునిస్వామి. గోనెపట్టా వెతికి, బస్టాండు నుంచి ఇద్దరు హమాలీలను పిలుచుకొచ్చాడు.

శుక్రవారం కొలిమిగుండ్ల గోదాము నుంచి పోస్టులో కాగితం వచ్చింది. లేజర్ ప్రింటర్ ఒకటి, బుధవారం పూర్వాహ్నం విధులలో చేరినట్టు గోదాము ఇన్‌ఛార్జి నతానియేలు జాయినింగ్ రిపోర్టు పంపాడు. కొలిమిగుండ్లకు మిగులు వచ్చినందుకు హెడ్డాఫీసు నుంచి సంతృప్తి లేఖ కూడా జతపరిచి ఉంది. జిల్లాలో మూడో పేరాను అమలు చేసిన మొదటి ఆఫీసు ఆళ్లగడ్డేనట.

రెండు రోజుల సెలవు ముగించుకుని వచ్చిన యదునందన్ ఆ రిపోర్టు చదివాడు. తన సంతకం ఉన్న ఆర్డర్ తెప్పించుకుని చదివాడు. ఖాళీగా ఉన్న బల్లను చూశాడు. పసుపు మరకలు నాలుగు, నిమ్మరసం ఎండిన చారలు రెండు. ఆ పక్క బల్ల దగ్గర చక్రపాణి పత్రాల కట్ట ముందు పెట్టుకుని వంచిన తల ఎత్తకుండా రాస్తున్నాడు.

యదునందన్ కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ తీశాడు, పెట్టేశాడు. చివరికి ఆర్డర్‌ను సొరుగులో పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"చక్రపాణిగారూ, ఇవాళ్టి ప్రింటర్ రిపోర్టు నంద్యాలకు పంపారా?"

"ఇంకా లేదు సార్. ఏమని రాయమంటారు?"

"ఏమనేముంది? రోజూ రాసేదే రాయండి."